నరసింహం పక్షులు, కరుణాకర్ అక్షరాలు

ఆళ్లగడ్డ మీదుగా నంద్యాలకు పోయేవాళ్లు రోడ్డు పక్కనున్న శిల్పాల షెడ్ల దగ్గర ఒక్కసారైనా బండి ఆపకుండా పోరు. దిగుతారు, నల్లరాతి ఆంజనేయుడి పక్కన నిలబడి ఫొటో తీసుకుంటారు, నంది వీపు నిమురుతారు, ఏం చేసినాడబ్బా అని నోరు తెరుస్తారు. దేవుడి కింద దిమ్మె మీద దాత పేరు, ఊరు, తేదీ చెక్కి ఉంటాయి. వాటినీ చదువుతారు. చదువుతారే గానీ చూడరు. అక్షరాన్ని చదవడం వేరు, చూడడం వేరు. ఈ తేడా ఆ ఊళ్లో ఒకే ఒక్క మనిషికి తెలుసు. అతని పేరు కరుణాకర్. వయసు యాభై నాలుగు, పని రాతి మీద అక్షరాలు చెక్కడం, జబ్బు ఓర్వలేనితనం.

జబ్బు అన్నానని నొచ్చుకోకండి, ఆ మాట అతని పెళ్లాం లూదియాదే. ఎవరైనా వచ్చి పక్క షెడ్డులోని నందిని మెచ్చుకుంటే చాలు, కరుణాకర్ ఉలి కింద పెట్టి, గొంతు తగ్గించి, "ఎడమ కొమ్ము రవ్వంత పొట్టిగుంది, చూసినారా?" అంటాడు. వాళ్లు మళ్లీ పోయి చూసి, అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసి, "లేదే, సమంగానే ఉండాయే" అని వెళ్లిపోతారు. ఆ పూటకి కరుణాకర్ ముఖం మాడిపోతుంది. ఇంటికొచ్చాక లూదియా కూరలో ఉప్పు తక్కువైందని అరుస్తాడు. ఆమెకు ఉప్పు సంగతి కాదని తెలుసు. "ఈ రోజు నరసింహమన్న బొమ్మను ఎవరు మెచ్చుకున్యారు?" అని అడుగుతుంది.

ఆ పక్క షెడ్డు నరసింహానిది. ఇద్దరిదీ ఒకే ఈడు. కరుణాకర్ తండ్రి మత్తయి రోడ్డు పనుల్లో కంకర కొట్టి బతికినవాడు. కొడుకు చేతికి సుత్తి రాకూడదని నంద్యాలలో మిషన్ వాళ్ల హాస్టల్లో వేశాడు. అక్కడ కరుణాకర్ ఇంగ్లీషు దస్తూరికి బహుమతి తెచ్చుకున్నాడు, పదో తరగతి లెక్కల్లో తప్పాడు, తిరిగొచ్చి ఆ సుత్తే పట్టాడు. పందొమ్మిదేళ్లప్పుడు పేరున్న శిల్పి అయిన నరసింహం నాయన దగ్గరికి పోయి, "బొమ్మలు చేసేది నేర్పియ్యి పెద్దాయనా" అన్నాడు. పెద్దాయన అతని చేతులు తిప్పి చూసి, "సదువొచ్చినోనివి. నీకు బొమ్మలెందుకప్పా, అక్షరాలు కొట్టుకో" అన్నాడు. మంచికే అన్నాడో, దేవుళ్ల బొమ్మలు చర్చికి పోయే పిల్లోడి చేతికెందుకని అన్నాడో ఈనాటికీ తెలియదు. పెద్దాయన పోయి ఇరవై ఏళ్లయింది. ఆ మాట అన్నప్పుడు నరసింహం పక్కనే కూర్చుని ఏనుగు చెవి చెక్కుతున్నాడు. రెండో తరగతిలోనే బడికి నామం పెట్టి నాయన పక్కన చేరినవాడు. అతనికి తెలుగే కూడబలుక్కుంటే వస్తుంది, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రాయి ముట్టుకుంటే మాత్రం అందులోంచి ప్రాణం లేచొస్తుంది.

అట్లా ముప్పై అయిదేళ్లు. పైన బొమ్మ నరసింహానిది, కింద అక్షరం కరుణాకర్‌ది. క్రైస్తవుల సమాధి రాళ్లు ఒక్కటే కరుణాకర్ సొంత పని. అక్కడైనా తన అక్షరాలను చూస్తారనుకుంటే అదీ లేదు. ఒకసారి కోవెలకుంట్ల నుంచి ఒక ముసలామె వచ్చి మొగుడి సమాధికి రాయి చేయించుకుంది. పైన చిన్న దేవదూత కావాలంటే నరసింహం మధ్యాహ్నం లోపల చేసిచ్చాడు. కింద బైబిల్ వాక్యం కరుణాకర్ వారం రోజులు చెక్కాడు. ఒక్కో సున్నా గుండ్రంగా రావాలని ఊపిరి బిగబట్టి చెక్కాడు. ముసలామె వచ్చి దేవదూత రెక్క మీద చెయ్యి వేసి బోరున ఏడ్చింది. "ఎంత బాగ చేసినాడు నాయనా" అంది. వాక్యం వైపు చూడనైనా లేదు. ఆ రోజు కరుణాకర్‌కు ఆ ముసలామె మీద కూడా కోపం వచ్చింది. ఏడ్చే మనిషి మీద కోపం తెచ్చుకున్నందుకు తన మీద తనకు కోపం వచ్చింది. ఆ రెండు కోపాలూ కలిపి నరసింహం మీద పెట్టుకున్నాడు.

ఇక పక్షుల సంగతికి వద్దాం. నంద్యాలలో బట్టల వ్యాపారం చేసి, ఆ తర్వాత ఇంగ్లీషు మీడియం బడి పెట్టిన ఓంప్రకాష్ అనే పెద్దమనిషికి ఒక ఆలోచన వచ్చింది. బడి ఆవరణలో తోట, తోటలో తొమ్మిది రాతి దిమ్మెలు, ఒక్కో దిమ్మె మీద ఒక్కో రకం పక్షి. ఎడమ పక్క ఒకే పక్షి, కింద దాని పేరు. కుడి పక్క అవే మూడు పక్షులు, కింద బహువచనం. పిల్లలు ఆడుకుంటూ ఇంగ్లీషు నేర్చుకోవాలని ఆయన కోరిక. చెక్కడానికి నరసింహం, అక్షరాలకు కరుణాకర్ అని మాట్లాడుకున్నారు. పేర్ల కాగితం తీసుకుని ఆ బడి ఇంగ్లీషు టీచరు దివ్యశ్రీ ఆళ్లగడ్డకు వచ్చింది. బనగానపల్లె అమ్మాయి, పాతికేళ్లుంటాయి, నవ్వితే ఆపుకోలేని రకం.

కాగితం చూసి కరుణాకర్ మొదట పొంగిపోయాడు. దేవుడి కింద పేర్లు చదవకపోయినా పోయేదేం లేదు. ఇక్కడ చదవడానికే పక్షులను పెడుతున్నారు. అక్షరమే ముఖ్యం, పక్షి దానికి తోడు. ఇన్నేళ్లకు తన రోజు వచ్చిందనుకున్నాడు. తర్వాత పేర్లు చదువుతూ పోయేసరికి తల తిరిగింది.

"మేడమ్, గూస్ ఒకటైతే గూస్, ఎక్కువైతే గీస్ అని రాసినారు. సరే, ఒప్పుకుంటాండా. మరి గ్రౌస్ ఒకటైనా గ్రౌసే, మూడైనా గ్రౌసేనా? గ్రీస్ కావాల కదా?"

"గ్రీస్ అంటే లారీలకు పూసేది కదన్నా" అని దివ్యశ్రీ పకపకా నవ్వింది.

"టిట్‌మౌస్ అని ఇంకోటి ఉండాది. పిట్టకు ఎలుక పేరేంది?"

"పేరు ఎలుకదైనా పిట్టేనన్నా. ఎలుకకు ఎట్లా మారుతుందో దీనికీ అట్లే మారుతుంది, టిట్‌మైస్."

"ఫ్లెమింగోలు ఎక్కువైతే ఎస్ ముందర ఈ అక్షరం ఉండాల్నా, వద్దా?"

"రెండూ రైటే."

"రాతి మీద రెండూ రాయలేను మేడమ్. ఏదో ఒకటి చెప్పండి."

దివ్యశ్రీ ఫోను తీసి చూసి, ఈ అక్షరం తీసేయమంది. గ్రౌస్ సంగతి కూడా వివరంగా చెప్పింది. అది చలిదేశాల్లో ఉండే పిట్టట, మన కౌజు పిట్టకు దూరపు చుట్టం, కాళ్ల మీద కూడా ఈకలుంటాయి. మనుషులు వేటాడి తెచ్చే పిట్టలకు బహువచనం పెట్టకపోవడం అక్కడి వేటగాళ్ల అలవాటట. సంచిలో వేసుకుని తెచ్చేవాటికి ఒకటైనా, వందైనా ఒకటే మాట. ఆ ముక్క కరుణాకర్ మనసుకు పట్టింది. ఒక్కటి చెక్కినా, లక్ష చెక్కినా తనకూ ఒకటే మాట, అక్షరాలు కొట్టేవాడు. నరసింహాన్ని చూడు, శిల్పి అంటారు, స్థపతి అంటారు, కళాకారుడంటారు, వాడి పేరు రోజుకొక రకంగా పెరుగుతుంది. కరుణాకర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పనిలో ఒక పద్ధతి ఉంది. మామూలుగా అయితే బొమ్మ అయ్యాక కింద అక్షరాలు కొడతారు. పక్షుల విషయంలో అది కుదరదు. సన్నని ముక్కులు, చాచిన మెడలు, కింద సుత్తి దెబ్బ పడితే పైన పుటుక్కుమంటాయి. అందుకని ముందు దిమ్మెకు కరుణాకర్ అక్షరాలు చెక్కాలి, తర్వాత పైన నరసింహం పక్షులు చేయాలి. పక్షుల ఫొటోలు నరసింహం దగ్గర, పేర్ల కాగితం కరుణాకర్ దగ్గర.

"నాకు ఆ కాగితం చూపిచ్చి ఏం లాభంరా" అన్నాడు నరసింహం మొదటి రోజే. "ఒక పక్షికి రెండు పేర్లేంది, అది చెప్పు ముందు."

ఆ రోజు కరుణాకర్ మంచి హుషారులో ఉన్నాడు. చెప్పేవాడు తను, వినేవాడు నరసింహం. ఇంతకంటే ఏం కావాలి? పావురాల దిమ్మె మీద వేలు పెట్టి చూపించాడు. "ఎడమ పక్క డవ్, ఒకటే పావురం. కుడి పక్క డవ్స్. ఈడ చూడు, కొసన ఒక అక్షరం చేరింది. మాట మారిందంటే గుంపు అని లెక్క. ఆడ మూడు చెయ్యి."

"మాట మారితే మూడు. అంతేనా?"

"అంతే."

నరసింహం చంటిపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆ రోజు నుంచి ప్రతి దిమ్మె దగ్గరా ముందు వేలితో ఎడమ పక్క అక్షరాలు తడిమేవాడు, తర్వాత కుడి పక్కవి తడిమేవాడు, "మారింది, మూడు!" అని గట్టిగా అనేవాడు. గూస్ దగ్గర నడిమధ్య అక్షరాలు మారినట్టు వేలికి తగలగానే, "ఓర్నీ, ఇది కడుపులో మారిందిరా!" అని పక్క షెడ్డు దాకా వినబడేట్టు అరిచాడు. నిజం చెప్పొద్దూ, ఆ అరుపు విని కరుణాకర్‌కు కూడా ముచ్చటేసింది. ముప్పై అయిదేళ్లలో తన అక్షరాలను ఎవరైనా చూశారంటే, అది చదువు రాని ఈ మనిషి వేళ్లతో చూశాడు. అయితే ఆ ముచ్చట ఎన్నో రోజులు నిలవలేదు.

ఆరో దిమ్మె అయ్యాక ఓంప్రకాష్ చూడడానికి వచ్చాడు. పావురాల చుట్టూ తిరిగాడు, బాతు మెడ నిమిరాడు, పిచ్చుకంత పిట్ట కూడా ఎగిరిపోయేట్టుందని మురిసిపోయాడు. దివ్యశ్రీ ప్రతి దాని పక్కనా నిలబడి సెల్ఫీ తీసుకుంది. కరుణాకర్ అక్కడే, చేతిలో ఉలితో, ఎవరైనా కిందికి చూస్తారేమోనని నిలబడ్డాడు. ఓంప్రకాష్ కిందికి చూశాడు కూడా. చూసి, "స్పెల్లింగులన్నీ సరిగ్గుండాయా మేడమ్?" అన్నాడు. అంతే. తప్పు లేకుంటే చాలు. అక్షరానికి అంతకు మించిన మర్యాద లేదు.

పోతూ పోతూ ఓంప్రకాష్ ఇంకో మాట అన్నాడు. "తోట మొగదల్లో ఒక రాయి పెడదామప్పా. పక్షులు చేసిన శిల్పి నరసింహం, ఆళ్లగడ్డ అని. మొత్తం ఇంగ్లీషులోనే ఉండాల. పిల్లలకు చేసినాయన పేరు తెలియాల కదా."

నరసింహం సిగ్గుతో తల గోక్కున్నాడు. "నా పేరెందుకు సార్" అన్నాడు. ముఖం మాత్రం వెలిగిపోయింది. కరుణాకర్ గొంతు సవరించుకుని, "అక్షరాలవీ..." అన్నాడు.

"ఆ, అక్షరాలు నువ్వే కొట్టు. పెద్దగా, దూరం నుంచి కనపడేట్టు" అని ఓంప్రకాష్ కారెక్కాడు.

ఇది చెప్పాలి, దాచడం ఎందుకు. ఆ రాయి చెక్కిన రెండు రోజులూ కరుణాకర్ లోపల రగిలిపోయాడు. తన ఉలి కింద ఎంత మంది పేర్లు పోయాయో లెక్క లేదు. ఎమ్మెల్యేలు, సర్పంచులు, దాతలు, చచ్చినవాళ్లు, చావకముందే రాయి కొట్టించుకున్నవాళ్లు. అన్ని పేర్లలో తన పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు నరసింహం పేరు కూడా రాతికెక్కుతోంది, అదీ తన చేత్తోనే. ఒక అక్షరం తగ్గించి కొడదామా అన్న పాడు ఆలోచన కూడా వచ్చింది. చేయి రాలేదు. చెయ్యి మంచిదే, మనసే పాడైంది. పేరు ముత్యాల్లా కుదిరింది. నరసింహం వచ్చి ఆ రాయికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు.

"ఎంత బాగుందిరా! మా నాయన ఉంటే చూసి ఏడ్చేటోడు" అన్నాడు.

మీ నాయన ఉంటే నేను కూడా ఒక మాట అడిగేవాణ్ణి అనుకున్నాడు కరుణాకర్.

మర్నాడు ఏడో దిమ్మె పని మొదలైంది. అది గ్రౌస్‌ది. ఎడమ పక్క గ్రౌస్, కుడి పక్క గ్రౌస్, తొమ్మిది రాళ్లలో రెండు పక్కలా ఒకే మాట ఉన్న రాయి అదొక్కటే. నరసింహం అలవాటు ప్రకారం ఎడమ పక్క వేలితో తడిమాడు, కుడి పక్క తడిమాడు. మళ్లీ ఎడమకు వచ్చాడు. ఈసారి ఒక్కో అక్షరం లెక్కపెట్టుకున్నాడు. కావి ముద్ద చేతిలో పట్టుకుని, షెడ్డుల మధ్య తడిక మీదుగా తొంగిచూశాడు.

"కరుణా, ఇది మారలేదు కదరా?"

కరుణాకర్ ఉలి ఆగింది. ఆ ప్రశ్నకు అర్థం అతనికి ఆ క్షణమే తెలిసిపోయింది. రెండు పక్కలా ఒక్కో పిట్టే చేస్తాడు వీడు. మారకపోయినా ఆడ మూడేరా, ఈ పిట్టకు మాట మారదు అని ఒక్క ముక్క చెబితే పోయేది. ఆ ముక్క నాలుక దాకా వచ్చింది. తడిక పక్కన గోడకు ఆనించిన పేరు రాయి, దాని మీద పసుపు కంటపడ్డాయి.

"మారలేదు" అన్నాడు.

"అదే అనుకున్యా" అని నరసింహం వెళ్లి కావితో గీతలు గీసుకున్నాడు. సాయంత్రానికి కుడి పక్క రాయంతా కొట్టేశాడు, ఒక్క పిట్టకు సరిపడా ముద్ద మిగిలింది. రాతి పనిలో తీయడమే గానీ తిరిగి పెట్టడం లేదు.

మర్నాడు మధ్యాహ్నం రొట్టె తింటూ కరుణాకర్ ఈ సంగతి లూదియాకు చెప్పాడు. చెప్పకుండా ఉండలేడు, ఆమెకు చెబితేనే అతనికి సంగతి జరిగినట్టు. చెబుతున్నప్పుడు కొంచెం నవ్వాడు కూడా. లూదియా నవ్వలేదు.

"పొయి చెప్పిరా. రొట్టె మూసి పెడతా."

"నేనేం అబద్ధమాడినా? మారలేదా అన్యాడు, మారలేదన్యా. నిజమే కదా."

"ఆయన పక్షి గురించి అడిగినాడు. నువ్వు అక్షరం గురించి చెప్పినావు" అంది లూదియా. "ఇంకా పనయిపోలేదు. ఇంకో రాయి తీసుకుంటాడు. పోవయ్యా, తొందరగా పో."

పోయాడు. నిజంగానే పోయాడు. షెడ్డు దగ్గర అయిదారుగురు కాలేజీ కుర్రాళ్లు నరసింహం చుట్టూ చేరి ఫోన్లు ఎత్తి పట్టుకుని వీడియో తీస్తున్నారు. నరసింహం పిట్ట కాలి మీద ఈక ఒక్కొక్కటే గీస్తున్నాడు. "తాతా, ఇటు చూడు, ఇటు చూడు!" అంటున్నారు వాళ్లు. కరుణాకర్ కాసేపు నిలబడ్డాడు. ఎవరూ పక్కకు జరగలేదు. రేపు చెబుదాంలే అని వెనక్కి తిరిగాడు. రేపు వచ్చింది, పోయింది. రెండో రోజు చెబితే, నిన్ననే ఎందుకు చెప్పలేదంటాడు. మూడో రోజు చెబితే ఇంకా ఎక్కువ అడుగుతాడు. అయిదో రోజుకు పిట్టలు రెండూ కళ్లు తెరిచి నిలబడ్డాయి. ఎంత బాగున్నాయంటే, ఆ బాగుండడం చూసి కరుణాకర్‌కు ఇంకాస్త కడుపు మండింది. తప్పు చేసి కూడా వీడు ఇంత బాగా చేయాలా?

తొమ్మిది రాళ్లూ లారీకెక్కాయి. రాళ్లు నిలబెట్టే రోజు ఇద్దరూ నంద్యాలకు పోయారు, ఒకే బస్సులో, పక్కపక్క సీట్లలో. నరసింహం తెల్ల చొక్కా వేసుకున్నాడు. దారి పొడవునా పేరు రాయి గురించే మాట. ఎక్కడ పెడతారో, ఎండ పడుతుందో లేదో, మనవరాలిని తీసుకొచ్చి చూపించాలి. కరుణాకర్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం లోపల ఆ పేరుకు ఒక మచ్చ పడుతుంది, పడాలి, అని లోపల ఒకడు కాచుకుని ఉన్నాడు. వాడు తనేనని కరుణాకర్‌కు తెలుసు.

ఎంతో సేపు పట్టలేదు. దివ్యశ్రీ ఏడో రాయి దగ్గర ఆగింది. వెనక్కి వెళ్లింది, ముందుకొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు.

"సార్, ఇక్కడ కుడి పక్క మూడు ఉండాలి కదా. ఒకటే ఉంది."

ఓంప్రకాష్ వచ్చి చూశాడు. ఆయనది వ్యాపారం చేసిన గొంతు, ఆవరణంతా వినబడుతుంది. "ఏందప్పా నరసింహం, ఇంత మంచిగ చేసి ఈడ బద్ధకించినావేంది? ఇంకో పదైదు దినాల్లో తోట తెరిచేది, పెద్ద పెద్దోళ్లు వస్తాండారు. పిల్లలకు తప్పు చూపిచ్చాల్నా?" తోటమాలి వైపు తిరిగి, "ఆ పేరు రాయి నిలబెట్టొద్దు. పక్కన పెట్టండి. ఇది సరిజేసినాక చూద్దాం" అన్నాడు.

అదీ, కరుణాకర్ కోరుకున్న మాట. అచ్చంగా ఆ మాటే. పేరు రాయిని నిలబెట్టడానికి తవ్విన గుంత ఖాళీగా ఉంది. ఇద్దరు మనుషులు రాయిని మోసుకెళ్లి చీపుర్లు, బకెట్లు పెట్టే గది గోడకు ఆనించారు. కరుణాకర్ లోపల ఎక్కడైనా సంతోషం తగులుతుందేమోనని చూసుకున్నాడు. ఎక్కడా తగల్లేదు.

నరసింహం ఏడో రాయి ముందు కూర్చుండిపోయాడు. తెల్ల చొక్కా అంచు మట్టిలో పడింది. రెండు పక్కలా మళ్లీ వేలితో తడిమి చూశాడు. "ఒకటే మాట కదా సార్, అందుకే ఒకటే పిట్ట చేసినా" అన్నాడు.

"కొన్నిటికి మారదన్నా" అంది దివ్యశ్రీ మెల్లగా. "మూడైనా అదే మాట. కరుణాకరన్నకు నేను చెప్పినాను కదా."

అందరూ కరుణాకర్ వైపు చూశారు. ముప్పై అయిదేళ్లుగా ఎవరైనా చూస్తే బాగుండునని అతను ఆశపడిన చూపు అది. నరసింహం లేచి నిలబడ్డాడు, దుమ్ము దులుపుకున్నాడు.

"వాణ్ణేం అనొద్దమ్మా. వాడు చూసుంటే చెప్పకుండా ఉంటాడా? నా షెడ్డులోకి వాడు వచ్చేదే తక్కువ. తప్పు నాది. ఇంకో రాయి తీసుకుని పది రోజుల్లో చేసిస్తా సార్. పేరు వద్దంటే వద్దు. దాందేముంది?"

అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. ఓంప్రకాష్ సరేనని ఇంకో రాయి వైపు కదిలాడు కూడా. నరసింహం అంత నమ్మకంగా మాట్లాడకపోతే కరుణాకర్ ఊరుకునేవాడే. తిట్టి ఉంటే, అనుమానించి ఉంటే, తడిక మీదుగా నిన్ను అడిగినా కదరా అని నలుగురిలో నిలదీసి ఉంటే, మొండికేసి ఎదురు వాదించేవాడు. ఆ మనిషికి అడిగిన సంగతి గుర్తుంది. గుర్తుండి కూడా బయట పెట్టలేదు.

"చూసినా" అన్నాడు కరుణాకర్.

"ఏంది?"

"నువ్వు గీతలు గీసిన రోజే చూసినా. నువ్వు అడిగినప్పుడే తెలుసు నాకు. తెలిసే చెప్పలేదు."

నరసింహానికి ఆ మాట చెవికెక్కడానికి కొంత సేపు పట్టింది. "మర్చిపొయ్యింటావులే" అన్నాడు, దారి చూపిస్తున్నట్టు.

"మర్చిపోలే. ఓర్చుకోలేకపోయినా. నీ పేరు నా చేత్తో కొట్టినాంక నాకు ఓర్పు లేకపోయింది నరసింహా. అందరూ నీ బొమ్మనే చూస్తారు. నేను ఎంత చచ్చి కొట్టినా..." అని ఆగిపోయాడు. మిగతాది చెప్పడానికి సిగ్గేసింది. యాభై నాలుగేళ్ల మనిషి నలుగురిలో చెప్పే మాట కాదది.

ఓంప్రకాష్ ఏదో అనబోయి, ఇద్దరి ముఖాలూ చూసి, దివ్యశ్రీని తీసుకుని ఆఫీసు గదికి వెళ్లిపోయాడు. నరసింహం కోప్పడలేదు. కోప్పడితే కరుణాకర్‌కు ఊపిరి ఆడేది. అతను తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"ముప్పై అయిదేండ్లురా" అన్నాడు చివరికి. "నా ప్రతి బొమ్మ కిందా నువ్వే రాసినావు. ఏం రాసినావో ఎప్పుడన్నా అడిగినానా? నీకు సదువొస్తాదని మా నాయన దినామూ నన్ను తిట్టేటోడు, ఆ పిల్లోణ్ణి చూసి నేర్చుకో అని. నీ అక్షరాలు చూస్తే నాకు ఎంత కుళ్లుగుండేదో తెలుసునా? బొమ్మను గుడ్డోడు కూడా తడిమి చెప్తాడు. నీ పని నాకు ఎంత తడిమినా అర్థం కాదు. అయినా నమ్మినా."

నరసింహం నాయన తనను మెచ్చుకునేవాడన్న సంగతి కరుణాకర్‌కు ఇన్నేళ్లకు ఇప్పుడు తెలిసింది. తెలియాల్సిన రోజున తెలియలేదు.

నరసింహం చీపుర్ల గది వైపు నడిచాడు. పేరు రాయి గోడకు ఆనించి ఉంది, పసుపు ఇంకా పోలేదు. దాని ముందు గొంతుకూర్చున్నాడు. అక్షరాల మీద వేలు పెట్టబోయి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు.

"ఇందులో ఏముందిరా?" అన్నాడు.

"నీ పేరే."

నరసింహం తలెత్తి అతని వైపు చూడలేదు. అటుగా బకెట్ తీసుకుపోతున్న ఆయా వెంకటమ్మను పిలిచి, "అమ్మా, ఇది చదువుతావా?" అని అడిగాడు. నాకేం చదువొస్తాది నాయనా, అందామె.

"నీ పేరే నరసింహా. నా బిడ్డల మీద ఒట్టు" అన్నాడు కరుణాకర్.

గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. నరసింహం చెయ్యి ఊపితే రెండు జడల పిల్ల ఒకతె ఆగింది. బ్యాడ్జీ మీద సిరి అని రాసి ఉంది.

"పాపా, ఈ రాతి మీద ఏముందో కొంచెం చదివి చెప్తావా? నాకు సదువు రాదు."

సిరి రాయి ముందు వంగి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం గట్టిగా పలికింది. తర్వాత అన్నీ కూడబలుక్కుని, "నరసింహం, ఆళ్లగడ్డ" అంది. "పైన స్కల్ప్‌టర్ అనుంది తాతా. ఎంత బాగ రాసినారో!"

"సరిగ్గ చూసినావామ్మా? నరసింహమేనా?"

"నరసింహమే తాతా."

నరసింహం తల ఊపాడు, పిల్ల తల నిమిరి పొమ్మన్నాడు. కరుణాకర్ అడుగు ముందుకేసి, "పోదాం పా, బస్సుకు టైమవుతాది" అన్నాడు. నరసింహం వినిపించుకోలేదు. గేటు వైపు పరుగెత్తుతున్న ఇంకో పిల్లను చెయ్యెత్తి పిలిచాడు.